రెండో ఫోన్ ఎవరు చేస్తారు? నాయకుల గురించి ఒక మాజీ పీఏ చెప్పే అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక ఎమ్మెల్యే ఆఫీసులో పదకొండేళ్లు పీఏగా పనిచేశాను. ఏ పార్టీ, ఏ నియోజకవర్గం అని అడగొద్దు, చెప్పను. ఇప్పుడు ఆ పనిలో లేను కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. పెళ్లి భోజనాల బంతిలో, షేర్ ఆటోలో, ఒకసారైతే పళ్ల డాక్టర్ ముందు నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు కూడా నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "నిజం చెప్పు, వాళ్లకు జనం మీద ప్రేమ ఏమన్నా ఉంటదా, అంతా నాటకమేనా?" అప్పుడు నోట్లో దూది ఉంది కాబట్టి బతికిపోయాను. ప్రేమ ఉందన్నా అబద్ధమే, లేదన్నా అబద్ధమే. ఒక్కో అపోహ తీసుకుని నేను చూసింది చెప్తాను.

అపోహ: నాయకులకు సామాన్యుడి కష్టం తెలియదు

తెలుసు. మీరనుకునే దానికన్నా బాగా తెలుసు. పొద్దున ఏడు కాకముందే మా గేటు బయట చెప్పుల వరస మొదలయ్యేది. నిమ్స్‌లో ఆపరేషన్‌కు ఎల్‌ఓసీ, అంటే ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆసుపత్రికి ఇచ్చే హామీ లేఖ, కావాలని ఎస్టిమేట్ కాగితం పట్టుకుని ఒకరు. ప్రైవేటు ఆసుపత్రి బిల్లులు కట్టేసి, సీఎం రిలీఫ్ ఫండ్‌కు సిఫార్సు లేఖ కోసం ఇంకొకరు. కూతురి పెళ్లికి ప్రభుత్వమిచ్చే కల్యాణలక్ష్మి సాయం ఫైలు మీద సంతకానికి ఒక తల్లి, స్కూలు ఫీజు తగ్గించమని చెప్పించుకోవడానికి ఒక తండ్రి, అల్లుడు కొడుతున్నాడని ఏడుస్తూ ఒక అత్తగారు. రోజూ ఇవన్నీ వినే మనిషికి లోకం తెలియకుండా ఎలా ఉంటుంది? మా సార్‌కు ఏ ఆసుపత్రి ఐసీయూలో రోజుకు ఎంత గుంజుతారో నోటికి వచ్చు.

చిక్కు ఎక్కడంటే, ఆయనకు తెలిసేది వచ్చినవాళ్ల కష్టమే. పొద్దున ఎనిమిదికి లేబర్ అడ్డా మీద నిలబడాల్సిన మనిషి మా గేటు దగ్గర నిలబడలేడు. నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. ఓటు ఊళ్లో ఉండి ఇక్కడ కిరాయికి ఉంటున్నవాళ్లు రారు. వాళ్లు మన లిస్టులోనే లేరని మేమూ పట్టించుకోం. అపార్టుమెంట్ల వాళ్లు అసలు రారు, ట్విట్టర్‌లో తిడతారు.

లెక్క కూడా చూడండి. 2023 ఎన్నికల నాటికి ఒక్క శేరిలింగంపల్లిలోనే ఏడు లక్షలకు పైగా ఓటర్లు. ఏ ఎమ్మెల్యే అయినా రోజుకు వంద మందిని, ఏడాదికి మూడు వందల రోజులు, ఐదేళ్లూ కలిశాడనుకుందాం. లక్షన్నర అవుతుంది. నిజానికి వచ్చిన మొహాలే మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి అందులో సగం కూడా కాదు. మిగతా జనం గురించి ఆయనకు చెప్పేది కార్యకర్తలు. కార్యకర్త ఎప్పుడూ "మనోడే అన్నా" అని చెప్పి తీసుకొస్తాడు. మనోడు కానివాణ్ని తీసుకొచ్చిన కార్యకర్తను ఈ పదకొండేళ్లలో నేను చూడలేదు.

ఇంకో మాట, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. సీసీ రోడ్డు అడుగుతూ ఏదైనా బస్తీ నుంచి అర్జీ వస్తే మా ఆఫీసులో పుట్టే మొదటి ప్రశ్న "అక్కడ ఓట్లెన్ని?" నేనూ అడిగాను. 2020 డిసెంబర్‌లో జరిగిన జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 47 శాతం కూడా దాటలేదు. బూత్‌ల వారీ లెక్కలు టేబుల్ మీద పరిచినప్పుడు ఓటెయ్యని గల్లీలు కాగితం మీదే మాయమైపోతాయి. ఆ గల్లీ మీద కోపం కాదు. గుర్తుకు రాదు, అంతే.

అపోహ: పరామర్శకు వచ్చి పెట్టుకునే కన్నీళ్లు నటన

చాలాసార్లు కాదు. బస్తీలో ఒక పిల్లాడు నాలాలో పడి చనిపోయినప్పుడు మా సార్ ఆ ఇంటి గడప మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు నాకు తెలుసు. కెమెరాలు వెళ్లిపోయాక కూడా లేవలేదు. కానీ కారెక్కాక పది నిమిషాలకు ఫోన్ మోగింది, తర్వాతి ప్రోగ్రాం ఒక షాపు ఓపెనింగ్. రిబ్బన్ కట్ చేస్తూ నవ్వారు. ఆ నవ్వూ అబద్ధం కాదు. రోజుకు రెండు చావులు, మూడు పెళ్లిళ్లు తిరిగే మనిషికి ఏ దుఃఖమూ రాత్రిదాకా నిలవదు. గడప మీద ఇచ్చిన మాట మాత్రం ఎవరో ఒకరు రాసుకోవాలి. అది నా పని, నేను ప్రతిసారీ రాసుకోలేదు.

అపోహ: సాదాసీదాగా ఉండేవాడే జనం మనిషి

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారు. యెల్లందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు బస్సెక్కి అసెంబ్లీకి వచ్చేవారు. వాళ్లు అలా బతికారు కాబట్టి అలా కనిపించారు. ఈరోజుల్లో చాలాచోట్ల అదొక ప్రోగ్రాం. ఎలా చేస్తామో చెప్తాను, నేనే చేయించాను కాబట్టి.

మా సార్ రోడ్డు పక్కన చాయ్ తాగే ఫోటో కావాలన్నారు. ముందు రోజు సాయంత్రమే ఇద్దరం వెళ్లి బండి చూసి వచ్చాం. వెనక చెత్తకుండీ కనిపించకుండా బండిని నాలుగడుగులు జరిపించాం. సార్‌కు షుగర్ కాబట్టి ఆయన గ్లాసు వేరు. రెండు గుటకలు తాగి, ఐదు వందల నోటిచ్చి, చిల్లర వద్దన్నారు. సాయంత్రానికి ఫోటో నియోజకవర్గంలోని వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది. రెండు నెలలకు పాత అర్జీల కట్ట విప్పుతుంటే ఆ చాయ్ బండాయన ఫోటో అతికించిన కాగితం బయటపడింది. బండి పెట్టుకునే జాగా నుంచి తనను లేపేస్తున్నారని ఆ ప్రోగ్రాంకు నెల ముందే మాకు అర్జీ పెట్టుకున్నాడు. ఆ రోజు బండి దగ్గర ఆయన ఏమీ అడగలేదు. మేమూ గుర్తుపట్టలేదు.

దీనికి పూర్తిగా తిరగేసిన మనిషినీ చూశాను. మా పక్క డివిజన్ కార్పొరేటర్. నవ్వడు, భుజం మీద చెయ్యి వెయ్యడు, పెళ్లికొస్తే తిని వెళ్లిపోతాడు. కానీ ఆయన దగ్గర ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉండేది. వచ్చిన ప్రతి అర్జీకీ ఒక నంబరు. శనివారం మధ్యాహ్నం కూర్చుని, పని కాని నంబర్లు ఒక్కొక్కటే చదివి సంబంధిత ఇంజినీర్లకు వరసగా ఫోన్లు చేసేవాడు. ఆ డివిజన్‌లో వీధిలైటు పోతే మూడు రోజుల్లో వెలిగేది. తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. "ఆయనకు మనుషులంటే లెక్కలేదు" అని జనం అన్నారు. లెక్క రాసుకున్నది ఆయనొక్కడే.

అపోహ: పాదయాత్ర చేసినవాడికి జనం నాడి తెలుస్తుంది

నడిచినన్నాళ్లూ తెలుస్తుంది. 2003లో వైఎస్ రాజశేఖరరెడ్డి మన పక్కనే ఉన్న చేవెళ్ల నుంచి మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా నడిచారు, 2004లో గెలిచారు, 2009లో మళ్లీ గెలిచారు. చంద్రబాబు 2012లో హిందూపురం నుంచి నడక మొదలుపెట్టారు, 2014లో ముఖ్యమంత్రి అయ్యారు, 2019లో 23 సీట్లకు పడిపోయారు. జగన్ 341 రోజుల్లో 3,648 కిలోమీటర్లు నడిచి 2019లో 151 సీట్లు తెచ్చుకున్నారు. 2024లో మిగిలినవి 11. అదే మనిషి, అవే కాళ్లు. పదవిలోకి వచ్చాక మధ్యలో సెక్యూరిటీ వస్తుంది, అధికారుల పవర్‌పాయింట్ వస్తుంది, "అంతా బాగుంది సార్" అనే నాలాంటివాళ్లు వస్తారు. ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. కారులో పొద్దున్నే చెడువార్త చెప్తే రోజంతా ఆయన చిరాకు పడాల్సింది నా మీదే కదా.

అపోహ: అన్న ఒక్క ఫోన్ కొడితే పని అయిపోతది

అసలు సంగతి ఇక్కడుంది. ముందు సిఫార్సు లేఖ గురించి. మా ఆఫీసు నుంచి లేఖలు మూడు రకాలుగా వెళ్లేవి. లేఖ ఒక్కటే ఇస్తే అడిగినవాణ్ని నొప్పించకుండా పంపించామని అర్థం. లేఖ ఇచ్చి ఫోన్ కూడా చేస్తే కొంచెం ఆసక్తి ఉందని. లేఖతో పాటు మా మనిషి వెళ్తే, అది నిజంగా కావాలని. ఇది ప్రతి ఆఫీసర్‌కూ తెలుసు. లెటర్‌హెడ్ పట్టుకుని సంబరంగా వెళ్లే మనిషికే తెలియదు.

ఇక ఫోన్. 2021లో ఒక పెద్దమ్మ వచ్చింది, రైల్వే లైను అవతలి బస్తీ నుంచి. ఆసరా పింఛను 2,016 రూపాయలు నాలుగు నెలలుగా పడటం లేదు. పాల కవర్ కడిగి ఆరబెట్టి, అందులో ఆధార్, పాస్‌బుక్ పెట్టుకుని తెచ్చింది. మా సార్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, అక్కడికక్కడే ఆఫీసర్‌కు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశారు. "మా అమ్మ నా ముందట కూసుంది. వారంలో పైసలు పడాలె, ఏం చేస్తవో నాకు తెల్వదు." అవతల "తప్పకుండా సార్". పెద్దమ్మ రెండు చేతులతో దిష్టి తీసింది. అక్కడున్న అందరికీ కళ్లు చెమర్చాయి, నాకు కూడా.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. సార్‌కు ఆమె గుర్తులేదు. మళ్లీ అదే కుర్చీ, అదే స్పీకర్, అదే "మా అమ్మ". ఆ గొంతులో ప్రేమ కూడా మొదటిసారి ఉన్నంతే ఉంది, దొంగప్రేమ కాదు. మూడోసారి ఆమె లోపలికి రాలేదు. గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

"బిడ్డా, అన్నతోని మల్ల ఫోన్ చెయ్యించకు. నువ్వొక్కపారి నాతోని ఆ ఆఫీసుకు రా."

వెళ్లాను. ఇరవై నిమిషాల పని. బ్యాంకుల విలీనంతో ఆమె ఖాతా కోడ్ మారింది, పాత కోడ్‌కు పంపిన డబ్బు తిరిగి వెళ్తోంది. కొత్త పాస్‌బుక్ జిరాక్స్ ఇస్తే సరిపోయింది. రెండుసార్లు ఫోన్ వచ్చినా ఎందుకు చూడలేదని ఆఫీసులో అడిగితే, అక్కడి గుమాస్తా ఏమన్నాడంటే, "సార్ పేరు చెప్పలేదు, నంబర్ చెప్పలేదు. 'మా అమ్మ' అన్నారు. సిస్టంలో ఎవరని వెతకాలె?"

అంటే మొదటి ఫోన్ అర్జీదారు ముందు చేసేది. అది ఆయనకు వినిపించడానికి చేసేది. పని అయ్యేది రెండో ఫోన్‌తో, ఆ మనిషి వెళ్లిపోయాక, పేరూ నంబరూ చూసి చేసేది. ఆ ఫోన్‌కు ప్రేక్షకులు ఉండరు. మా సార్ నిజాయితీపరుడా అంటే మొదటి ఫోన్‌లో నూటికి నూరు పాళ్లూ అవును. రెండో ఫోన్ చేసే ఏర్పాటు మా ఆఫీసులో లేదు. ఉండాల్సిన మనిషిని నేను.

ఇది మా ఒక్క ఆఫీసు కథే కాదు. 2023 డిసెంబర్‌లో, అప్పటిదాకా ముఖ్యమంత్రి నివాసంగా ఉన్న ప్రగతిభవన్ ముందు కంచెలు తీసేసి, ప్రజాభవన్ అని పేరు మార్చి, ప్రజాదర్బార్ పెట్టినప్పుడు బేగంపేటలో క్యూ ఎంత ఉందో అందరూ చూశారు. ఆ నెల 28 నుంచి జనవరి 6 దాకా ప్రజాపాలన అనే ప్రభుత్వ కార్యక్రమంలో రాష్ట్రమంతటా తీసుకున్న దరఖాస్తులు కోటీ 25 లక్షల పైమాటే. తలుపు తెరవడం వార్త అవుతుంది. ఆ కాగితాలన్నీ కంప్యూటర్లలోకి ఎక్కించి, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పడం వార్త కాదు.

అపోహ: చెక్కు అన్న ఇచ్చిండు

కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు ప్రభుత్వ సొమ్ము. చేతికిచ్చి ఫోటో దిగేది మాత్రం ఎమ్మెల్యే. చెక్కు వచ్చినా, పంపిణీకి సార్ డేటు దొరకక మా బీరువాలో మూడు వారాలు పడి ఉన్న సందర్భాలున్నాయి. దీని మీద ఇంతకన్నా రాయను, బీపీ పెరుగుతుంది.

అపోహ: జీతం, కారు, గన్‌మన్, వాళ్లకేం కష్టం

తెలంగాణలో ఎమ్మెల్యేకు జీతం, నియోజకవర్గ భత్యం కలిపి 2016 నుంచి నెలకు రెండున్నర లక్షలు. మాఘమాసంలో మాకు రోజుకు పదిహేను శుభలేఖలు వచ్చేవి. ప్రతి కవర్‌లో కనీసం రెండు వేలు పెట్టినా నెల జీతం పదిరోజులకు కూడా రాదు. అసెంబ్లీ అభ్యర్థి ఎన్నికల ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షలు. ఆ అంకె టీవీలో వచ్చినప్పుడు మా ఆఫీసు బాయ్ కూడా నవ్వాడు. తేడా పూడ్చేవాళ్లకు ముందు గదిలో క్యూ ఉండదు, నేరుగా లోపలి గదిలోకి వెళ్తారు. వాళ్ల విషయంలో రెండో ఫోన్ నేను గుర్తు చెయ్యకుండానే వెళ్లేది. మూడోది కూడా.

కాబట్టి మీరు ఏ నాయకుడి దగ్గరికైనా అర్జీ తీసుకెళ్తుంటే నేను చెప్పేది ఇంతే. రెండు కాపీలు తీసుకెళ్లండి. మొదటి లైనులోనే మీ పేరు, ఫోన్ నంబర్, ఏ ఆఫీసులో ఆగింది, అక్కడి దరఖాస్తు నంబర్ ఎంత అన్నది పెద్ద అక్షరాలతో రాయండి, కష్టం కథ తర్వాత. రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మళ్లీ వెళ్లేటప్పుడు పొద్దున కాదు, మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. సార్‌ను అడగకండి, పీఏ దగ్గర కూర్చోండి. "మొన్న ఎవరితో మాట్లాడారు, ఏమన్నారు?" అని అడగండి. నన్నలా అడిగినవాళ్లు తక్కువ. అడిగిన రోజు మాత్రం వాళ్లు చాయ్ తాగేలోపే డైరీ తీసి ఫోన్ కలిపేవాణ్ని.