చాలు అన్న కబురు అందకపోతే

మా పిన్ని వాళ్లుండేది చిక్కడపల్లిలో. వాళ్ల గల్లీలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. వచ్చిన రోజు తెల్లారకముందే లేచి డ్రమ్ము నింపుకునేది, సాయంత్రానికల్లా అందులో సగం ఆవిడ చేతులకే అయిపోయేది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి సన్నగా నెత్తురు చారలు కనిపించేవి, ఆ పగుళ్ల మీదే మళ్లీ సబ్బు. ఇంట్లో అందరం దాన్ని చాదస్తం అనేవాళ్లం. ఒకసారి నేను కాస్త గట్టిగానే అడిగితే, "కడిగాను, పోయిందని నాకూ తెలుసురా. కానీ పోయినట్టు అనిపించదు" అంది.

అది ఓసీడీ అని, అంటే వద్దనుకున్నా అవే ఆలోచనలు వెంటాడి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య అని, తర్వాత తెలిసింది. దాని గురించి ఎంత చదివినా తిరిగి తిరిగి ఆ మాట దగ్గరికే వస్తున్నాను. తెలియడం వేరు, అనిపించడం వేరు. నుదుటి వెనక, కళ్లకు కాస్త పైన ఉండే మెదడు భాగం "ఇక్కడేదో తేడాగా ఉంది, చూడు" అని హెచ్చరిస్తుంది. ఆ కబురు మెదడు లోపల ఉండే కాడేట్ అనే భాగానికి, అక్కణ్నుంచి థాలమస్ అనే ఇంకో భాగానికి వెళ్లి, చుట్టు తిరిగి మళ్లీ నుదుటి దగ్గరికే వస్తుంది. గ్యాస్ కట్టేశాం, గడియ పెట్టాం, ఇక పడుకుందాం అనుకోగానే మనలో చాలామందికి ఆ చుట్టు నెమ్మదిస్తుంది. ఓసీడీ ఉన్నవాళ్ల స్కాన్లలో ఈ దారి అతిగా పనిచేస్తూ కనిపించింది. చేతులు శుభ్రంగా ఉన్నాయని కళ్లు చెబుతూనే ఉంటాయి, చాలు అన్న కబురు మాత్రం అందదు. అలాంటి మనిషికి "ఇంక చాలు ఆపు" అని చెప్పడం వల్ల ఏం లాభం?

2007లో అమెరికాలో గ్వోపింగ్ ఫెంగ్ బృందం సాపాప్-3 అనే ఒక్క జన్యువు లేని ఎలుకల్ని తయారుచేసింది. అవి మొహం మీద పుండ్లు పడేదాకా తమను తాము రుద్దుకుంటూనే ఉన్నాయి. మనుషులకు ఓసీడీకి ఇచ్చే ఫ్లూక్సెటిన్ అనే మందు వాటికి ఇస్తే ఆ రుద్దుకోవడం తగ్గింది. కాడేట్ కూడా భాగంగా ఉండే స్ట్రయేటం అనే మెదడు ప్రాంతంలో ఆ జన్యువును పిల్లలుగా ఉన్నప్పుడే తిరిగి పెడితే చాలావరకు బాగుపడ్డాయి. ఎలుకకు మైల అన్న భయం ఉండదు కాబట్టి దీన్ని అచ్చంగా ఓసీడీ అనలేం, కానీ ఆ చుట్టులో ఒక చిన్న భాగం పాడైతే ఏమవుతుందో ఇది కళ్లకు కట్టినట్టు చూపించింది.

మనుషుల్లో మాత్రం అలాంటి ఒక్క జన్యువు దొరకలేదు. 2025లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఓసీడీ ఉన్న 53 వేల మందికి పైగా మనుషుల డీఎన్ఏని, లేని 20 లక్షల మందికి పైగా మనుషుల డీఎన్ఏతో పోల్చి చూశారు. 30 చోట్ల తేడాలు కనిపించాయి, ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది, అలాంటివి వేలల్లో కలిస్తేనే ముప్పు పెరుగుతుంది. అయితే ఆ డీఎన్ఏ అంతా యూరప్ మూలాలున్నవాళ్లది. హబ్సిగూడలోని మన సీసీఎంబీ పరిశోధన సంస్థ కూడా పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా అనే దేశవ్యాప్త ప్రాజెక్టులో 83 సముదాయాల నుంచి దాదాపు 10 వేల మంది జన్యుపటాలు సిద్ధమయ్యాయి. ఇప్పుడు ఓసీడీ ఉన్న మనవాళ్ల నమూనాలు కూడా పెద్ద సంఖ్యలో కావాలి, అది త్వరగా జరగాలని నాకు గట్టిగా ఉంది.

మా అమ్మమ్మ కూడా రాత్రిళ్లు తలుపు గడియ మూడేసి సార్లు లాగి చూసేది. "తల్లిని చూసి నేర్చుకుంది" అనేవాళ్లు చుట్టాలు. కవలల మీద, కుటుంబాల మీద జరిగిన పరిశోధనలు ఆ మాటను పెద్దగా సమర్థించవు. ఓసీడీ ముప్పులో సుమారు సగం వారసత్వంగా వచ్చేదే, ఒకే ఇంట్లో పెరగడం వల్ల చేరేది చాలా తక్కువ. తల్లికో తోబుట్టువుకో ఉంటే ముప్పు నాలుగైదు రెట్లు పెరుగుతుంది, అయినా అలాంటి ఇళ్లలో కూడా ఎక్కువమందికి అది రాదు (మా చెల్లెలు పెళ్లప్పుడు దీని గురించే టెన్షన్ పడింది, అందుకే చెబుతున్నాను). మిగతా సగం ఒక్కొక్కరి జీవితంలో ఎదురయ్యే వాటిది. ప్రసవం తర్వాత మొదలైనవాళ్లు, ముదిరినవాళ్లు ఉన్నారు. పిన్నికి కూడా రెండో కాన్పు తర్వాతే ముదిరింది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి పన్నెండేళ్లు గడిచిపోయాయి. ఆ పన్నెండేళ్లూ మేం చాదస్తం అన్న మాటతోనే సరిపెట్టుకున్నాం. మందు మొదలుపెట్టిన రెండు వారాలకే "ఏం లాభం లేదు" అని మానేయబోయింది. మెదడు కణాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఈ మందులు ఓసీడీలో ఫలితం చూపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చని డాక్టర్ చెప్పి ఆపారు. మందుతో పాటు ఇంకో పని కూడా చెప్పారు: నల్లా పట్టుకోవాలి, చేతులు కడగకుండా కూర్చోవాలి. వినడానికి ఏదో మొండి వైద్యంలా ఉంటుంది. కానీ 1992లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు కొందరికి మందు, మరికొందరికి ఇలాంటి సాధన ఇచ్చి, ముందూ తర్వాతా స్కాన్ తీస్తే, బాగుపడ్డవాళ్లలో రెండు గుంపుల్లోనూ అదే కాడేట్ నెమ్మదించింది.

మొదటి రోజు పిన్ని వంటింట్లో పీట మీద కూర్చుని, తడి చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడ గడియారం వైపే చూస్తూ ఉంది. నుదురంతా చెమట. బాబాయి పక్కనే నిలబడ్డాడు, ఏమీ అనలేదు. పన్నెండో నిమిషానికి లేచి వెళ్లి కడుక్కుంది. మర్నాడు పదిహేడు నిమిషాలు ఆగింది.