వేసవి రాత్రి నిద్రకు ఒంటి వేడి ఎలా దిగాలి?

నిద్ర పట్టాలంటే శరీరం ముందుగా లోపలి వేడిని కొంత వదులుకోవాలి. పగలంతా 37 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండే ఒంటి ఉష్ణోగ్రత సాయంత్రం తర్వాత నెమ్మదిగా తగ్గడం మొదలై, తెల్లవారుజామున దాదాపు ఒక డిగ్రీ దిగువకు చేరుతుంది. మెదడులోని జీవగడియారం నడిపించే ఈ తగ్గుదల సాఫీగా సాగిన రాత్రి నిద్ర తేలికగా పడుతుంది. వేసవి రాత్రి అడ్డుపడేది సరిగ్గా ఇక్కడే. శరీరం వేడిని వదలడానికి సిద్ధంగానే ఉంటుంది గానీ, ఆ వేడి పోవడానికి చల్లని చోటు దొరకదు.

ఈ పనిలో అరచేతులకూ అరికాళ్లకూ ఉన్న ప్రాముఖ్యం చాలామందికి తెలియదు. అక్కడి చర్మం కింద ధమనుల నుంచి సిరల్లోకి రక్తాన్ని నేరుగా మళ్లించే ప్రత్యేకమైన నాళాలుంటాయి. నిద్రవేళ దగ్గరపడగానే ఇవి విచ్చుకుని, లోపలి వెచ్చని రక్తాన్ని చర్మం దగ్గరికి తెస్తాయి. అక్కడి నుంచి వేడి గాలిలోకి పోతుంది. కాళ్లూ చేతులూ వెచ్చబడిన వారికి నిద్ర త్వరగా పడుతుందని స్విట్జర్లాండ్ పరిశోధకులు 1999లో నేచర్ పత్రికలో వెల్లడించారు. అలా పాదాలకు చేరిన వేడి గాలిలోకి పోవాలి కనుక, ఉక్కపోతలో పలుచని దుప్పటైనా సరే, పాదాలను దాని బయట ఉంచడం మంచిది. పడుకోబోయే ముందు మంచులాంటి నీళ్లతో స్నానం చేస్తే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది కానీ, చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, లోపలి వేడి లోపలే ఉండిపోయే అవకాశం ఉంది. గోరువెచ్చని నీళ్లతో గంట ముందే స్నానం చేయడం మేలు.

నిద్రలో ఉన్న మనిషి శరీరం కూడా సుమారు 70 వాట్ల వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. పక్కనున్న వస్తువులకు, గాలికి, చుట్టూ ఉన్న గోడలకు ఆ వేడి చేరాలంటే అవి చర్మం కంటే చల్లగా ఉండాలి. చర్మం ఉష్ణోగ్రత 34 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది కనుక, గది కూడా అంత వేడెక్కితే ఈ మూడు దారులూ మూసుకుపోయి, చెమట ఒక్కటే మిగులుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి దాదాపు 2,400 జౌల్‌ల వేడిని తీసుకుంటుంది (సెకనుకు ఒక జౌల్ వేడి అంటే ఒక వాట్). ఆ లెక్కన గంటకు నూరు గ్రాముల పైచిలుకు చెమట ఆవిరైతే 70 వాట్ల వేడి మొత్తం బయటికి పోతుంది. అయితే ఆవిరైన చెమటే చల్లబరుస్తుంది. కారిపోయి దిండును తడిపిన చెమట వల్ల మనకు నీటి నష్టమే తప్ప ప్రయోజనం దాదాపు లేదు. గాలిలో తేమ ఎక్కువైన రాత్రి ఉష్ణోగ్రత అంతగా లేకపోయినా ప్రాణం ఉసూరుమనడానికి కారణం ఇదే.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు. ఒంటిని అంటిపెట్టుకుని ఉన్న తేమ గాలిని తొలగించి, చెమట ఆరడానికి తోడ్పడుతుంది. తడిగుడ్డతో చేతులూ కాళ్లూ మెడా తుడుచుకుని ఫ్యాన్ కింద పడుకుంటే, చెమట చేయవలసిన పనిని ఆ నీరు చేస్తుంది. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు మాత్రం ఫ్యాన్ ఒంటికి వేడినే చేరవేయగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. కిటికీలన్నీ మూసిన గదిలో తడి దుప్పట్లు ఆరేయడం నా దృష్టిలో తెలివైన పని కాదు. కాసేపటికే గదిలో తేమ పెరిగి, చెమట ఆరడం మరింత కష్టమవుతుంది.

సూర్యుడు అస్తమించాక కూడా ఇల్లు ఎందుకు చల్లబడదో తెలియాలంటే, పడుకునే ముందు ఎండ తగిలిన గోడ మీద లోపలి వైపున అరచేయి ఆనించి చూడండి. పగలు ఇటుకలూ కాంక్రీటూ పీల్చుకున్న వేడి గంటల ఆలస్యంతో లోపలికి చేరి, రాత్రంతా మన మీదికి ప్రసరిస్తుంది. గాలి ఉష్ణోగ్రతను చూపే థర్మామీటరు ఈ వేడిని పూర్తిగా పట్టుకోలేదు. అందువల్ల రాత్రి నిద్రకు ఏర్పాట్లు పగలే మొదలవ్వాలి. కిటికీ అద్దానికి వెలుపలే నీడ కల్పించాలి. లోపలి తెర ఎండను ఆపేసరికే వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది. బయటి గాలి లోపలి కంటే చల్లబడ్డాకే కిటికీలు తెరవాలి, అదీ ఎదురెదురుగా ఉన్నవి రెండూ తెరిస్తే గాలి ఆడుతుంది. మందపాటి ఫోమ్ పరుపు వీపు కింద వేడిని బంధిస్తుంది కనుక, దాన్ని తీసి పలుచని నూలు పరుపో చాపో వేసుకోవడం చాలా తేడా చూపిస్తుంది.

కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర దశలో చెమట పట్టే ప్రక్రియ బాగా మందగిస్తుంది. ఆ దశ రాత్రి రెండో సగంలోనే ఎక్కువ. గది వేడిగా ఉంటే ఆ నిద్రా గాఢనిద్రా రెండూ తరిగిపోయి, మధ్యమధ్యలో మెలకువలు పెరుగుతాయి. కాబట్టి నిద్ర పట్టింది కదా అని అర్ధరాత్రికల్లా ఫ్యాన్ ఆగిపోయేలా టైమర్ పెట్టడం సరికాదు.

వయసు మళ్లినవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వారికి చెమట తక్కువగా పడుతుంది, దాహం కూడా అంతగా తెలియదు. కొన్ని మందులు ఈ ఇబ్బందిని ఇంకా పెంచుతాయి. అలాంటివారు ఒళ్లు కాలిపోతూ, పలకరిస్తే పొంతన లేకుండా బదులిస్తుంటే, దాన్ని నిద్రమత్తుగా భావించకూడదు. అది వడదెబ్బ కావచ్చు. ఒంటిని నీళ్లతో తడిపి, గాలి విసురుతూ, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి.