డిపెండెన్స్ లాజిక్: చిక్కంతా 'లేదా'తోనే

డిపెండెన్స్ లాజిక్ అంటే 'ఇది తెలిస్తే అది తెలుస్తుంది' అనే డిపెండెన్సీలను కూడా ఫార్ములాల్లో రాయనిచ్చే లాజిక్. దాని ఫార్ములాలకు అర్థం చెప్పే పద్ధతి టీమ్ సెమాంటిక్స్. ఇందులో ఫార్ములా నిజమా కాదా అన్నది ఒక్క అసైన్‌మెంట్‌ను, అంటే వేరియబుల్స్‌కు విలువలిచ్చే ఒక్క వరుసను, బట్టి తేలదు. అసైన్‌మెంట్ల గుంపు మొత్తాన్ని, అంటే ఒక పట్టికను చూడాలి. ఆ పట్టికే టీమ్. డిపెండెన్స్ లాజిక్ మీద యౌకో వానానెన్ పుస్తకం 2007లో వచ్చినప్పటి నుంచి ఈ రంగం బాగా పెరిగింది. దాంతో పాటు అపోహలూ పెరిగాయి.

అపోహ: డిపెండెన్సీలను సరిచూడటమే కష్టం.

వాస్తవం: 'ఉద్యోగి నంబరు తెలిస్తే శాఖ తెలుస్తుంది' అన్నది పట్టికను సార్ట్ చేస్తే తేలిపోతుంది. తంటా అంతా 'లేదా'తో. ఇక్కడ 'ఇది లేదా అది' నిలవాలంటే వరుసలన్నిటినీ రెండు ముక్కలుగా పంచగలగాలి, ఒక ముక్కలో ఇది, రెండో ముక్కలో అది నిజం కావాలి. రెండు వరుసలున్నాయి, ఒకదానిలో శాఖ 'అకౌంట్స్', రెండోదానిలో 'స్టోర్స్' అనుకోండి. 'శాఖ మారదు' అన్నది తప్పు. కానీ 'శాఖ మారదు లేదా శాఖ మారదు' ఒప్పు! చెరో ముక్కలో చెరో వరుస. క్లాసికల్ లాజిక్‌కు అలవాటుపడ్డవాళ్లు సాధారణంగా ఇక్కడే బోల్తా కొడతారు.

రెండు డిపెండెన్సీలను 'లేదా'తో కలిపితే లెక్క 2-శాట్‌కు దిగుతుంది. షరతులన్నీ ఒకేసారి నిజమయ్యేలా విలువలివ్వగలమా అన్న లెక్క శాట్, అందులో షరతుకు రెండేసి అంశాలే ఉండే తేలిక రకం 2-శాట్. 'ఈ రెండు వరుసలూ మొదటి ముక్కలో కలిసి ఉండకూడదు' లాంటి జంట షరతులే కదా. మూడింటిని కలిపితే, క్వాంటిఫయర్ ('అన్నిటికీ', 'ఏదో ఒకదానికి' లాంటిది) ఒక్కటీ లేకుండానే, మోడల్ చెకింగ్ (ఇచ్చిన టీమ్‌లో ఫార్ములా నిలుస్తుందా అని చూడటం) ఎన్‌పీ కంప్లీట్, అంటే వేగంగా తేల్చే దారి ఇంతవరకు తెలియని కష్టమైన లెక్క, అయ్యే ఫార్ములాలు దొరుకుతాయి. 2013లో వచ్చిన యార్మో కొంటినెన్ పేపర్‌లోది ఈ ఫలితం. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అపోహ: సాటిస్ఫయబిలిటీ (ఖాళీ కాని ఏదో ఒక టీమ్‌లోనైనా ఫార్ములా నిజమా) ఎంత కష్టమో వాలిడిటీ (అన్ని టీమ్‌లలోనూ నిజమా) కూడా అంతే.

వాస్తవం: ప్రపోజిషనల్ డిపెండెన్స్ లాజిక్‌లో (ఇందులో వేరియబుల్స్ విలువలు నిజం, అబద్ధం మాత్రమే) సాటిస్ఫయబిలిటీ మామూలు శాట్ లాగే ఎన్‌పీ కంప్లీట్. పెద్ద టీమ్‌లో నిజమైనది దాని ఏ ఉపటీమ్‌లోనైనా నిజమే కాబట్టి ఒక్క వరుస దొరికితే చాలు, ఒక్క వరుసలో డిపెండెన్సీలు ఎటూ నిలుస్తాయి. వాలిడిటీకి మాత్రం అన్ని అసైన్‌మెంట్లున్న నిండు టీమ్‌ను చూడాలి. ఇరవై ప్రపోజిషన్లకే పది లక్షలు దాటిన వరుసలు, వాటిని ముక్కలుగా పంచే దారి ఊహించడం అదనం. యొన్ని విర్తెమా చూపించినట్టు, ఇది నెక్స్‌ప్‌టైమ్ కంప్లీట్, అంటే ఎన్‌పీ కన్నా చాలా పై మెట్టు కష్టం. ఫార్ములాను నెగేట్ చేసి శాట్‌కు అప్పజెప్పే పాత కిటుకు ఇక్కడ చెల్లదు.

అపోహ: టీమ్ లాజిక్ ఏదైనా ఎన్‌పీకి తగ్గదు.

వాస్తవం: ఇన్‌క్లూజన్ లాజిక్ ('ఈ కాలమ్ విలువలన్నీ ఆ కాలమ్‌లోనూ ఉన్నాయి' అని చెప్పే టీమ్ లాజిక్) క్రమమున్న ఫైనైట్ స్ట్రక్చర్ల మీద సరిగ్గా పాలినామియల్ టైమ్‌నే, అంటే వేగంగా తేల్చగల లెక్కలనే, పట్టుకుంటుందని గల్లియానీ, హెల్లా 2013లో నిరూపించారు. అలాగని తేలికనుకోకండి. దాని ప్రపోజిషనల్ రూపంలో ఒక్క వరుస ఉపాయం పనిచేయదు, సాటిస్ఫయబిలిటీ ఎక్స్‌ప్‌టైమ్ (ఎక్స్‌పొనెన్షియల్ సమయం) కంప్లీట్.