బ్యాలెట్‌పై లేని మాట: బ్రెగ్జిట్ అసంతృప్తి వెనుక యాభై ఏళ్ల కథ

2016 జూన్ 23న బ్రిటన్ ఓటరు చేతికి అందిన బ్యాలెట్ పత్రంపై ఒకటే ప్రశ్న ఉంది: యునైటెడ్ కింగ్‌డమ్ ఐరోపా సమాఖ్యలో కొనసాగాలా, సమాఖ్యను విడిచి వెళ్లాలా? విడిచి వెళ్లాక ఏ షరతులపై వర్తకం సాగించాలో, సరిహద్దు తనిఖీలు ఎక్కడ పెట్టాలో, దేశంలోకి ఎవరిని రానివ్వాలో ఆ కాగితంపై లేదు. 1.74 కోట్ల మంది వెళ్లాలన్నారు (బ్రెగ్జిట్ అంటే ఈ వైదొలగడమే), 1.61 కోట్ల మంది ఉండాలన్నారు. ఓడిన పక్షం నొచ్చుకోవడంలో వింతేమీ లేదు. గెలిచిన పక్షంలోనూ ఎంతోమంది తాము ఓటేసింది దీనికి కాదని ఇన్నేళ్లుగా అంటూ ఉండటమే ఆలోచించవలసిన విషయం. అది అర్థం కావాలంటే 2016 కంటే చాలా వెనక్కి, ఇంకో బ్యాలెట్ పత్రం దాకా వెళ్లాలి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ 1951లో బొగ్గు, ఉక్కు పరిశ్రమలపై ఒప్పందం చేసుకుని, 1957లో రోమ్ ఒడంబడికతో ఆర్థిక కూటమిగా ఏర్పడినప్పుడు బ్రిటన్ ఒడ్డున నిలబడి చూసింది. కామన్వెల్త్ దేశాలతో వర్తకం, అమెరికాతో స్నేహం తనకు చాలుననుకుంది. పొరుగు దేశాల పరిశ్రమలు తనను దాటిపోతున్నాయని తెలిసొచ్చాక, 1961లో ప్రధాని మెక్‌మిలన్ ప్రభుత్వం దరఖాస్తు పెట్టుకుంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ 1963లో ఒకసారి, 1967లో మరోసారి దారికి అడ్డం పడ్డాడు. ఆయన పదవి నుంచి దిగిపోయాకే తలుపు తెరుచుకుంది. చివరికి ప్రధాని ఎడ్వర్డ్ హీత్ హయాంలో, 1973 జనవరి 1న, బ్రిటన్ కూటమిలో చేరింది. ఐక్య ఐరోపా కల మీద మోజుతో కాక, బయట ఉంటే నష్టపోతామన్న లెక్కతో చేరిందన్న సంగతిని గుర్తుంచుకుంటే తర్వాతి కథ చాలావరకు దానంతటదే అర్థమవుతుంది.

చేరిన రెండేళ్లకే, లేబర్ పార్టీలోని చీలికను సర్దలేక, ప్రధాని హెరాల్డ్ విల్సన్ 1975 జూన్ 5న ప్రజాభిప్రాయ సేకరణ జరిపించాడు. నాటి ప్రశ్నలో ‘యూరోపియన్ కమ్యూనిటీ’ అన్న పేరు పక్కన, కుండలీకరణాల్లో, ‘కామన్ మార్కెట్’ అని ఉంది. ఉమ్మడి సంత అన్నమాట. 67 శాతానికి పైగా ఓటర్లు ఉండిపోదామన్నారు. అప్పుడు ప్రతిపక్ష నాయకురాలిగా ఉన్న మార్గరెట్ థాచర్ కూడా ఉండాలనే ప్రచారం చేసింది. మౌలికమైన సార్వభౌమత్వానికి ఎలాంటి కోతా పడదని హీత్ ప్రభుత్వం 1971 శ్వేతపత్రంలోనే భరోసా ఇచ్చింది. నిజానికి, ఐరోపా ప్రజల మధ్య నానాటికీ దగ్గరయ్యే ఐక్యతే లక్ష్యమని రోమ్ ఒడంబడిక ప్రవేశికలోనే రాసి ఉంది కనుక, చదివినవాళ్లకు ఇందులో రహస్యం ఏమీ లేదు. టోనీ బెన్, ఈనాక్ పవెల్ వంటి నాయకులు సార్వభౌమత్వం మాట ఎత్తినా, ప్రచారం ఎక్కువగా ధరలు, ఉద్యోగాల చుట్టూనే తిరిగింది. అందుకే ఒక తరం మనసులో కుండలీకరణాల్లోని మాటే నిలిచిపోయింది. సంతలో సరుకు అమ్ముకోవడానికని చేరితే, పోనుపోను ఆ సంత పెద్దలే మన ఇంటి కట్టుబాట్లు రాస్తున్నారన్నది ఆ తరం ఫిర్యాదు.

ఆ ఫిర్యాదుకు బలం చేకూర్చినవి తర్వాతి ఒడంబడికలు. 1986 నాటి సింగిల్ యూరోపియన్ యాక్ట్‌తో అనేక విషయాల్లో ఒక్కో దేశానికి ఉన్న వీటో పోయి మెజారిటీ ఓటు వచ్చింది. హద్దుల్లేని ఏక విపణి కోసం దాన్ని పట్టుబట్టి ముందుకు నడిపించినవారిలో, అప్పటికి ప్రధాని అయిన థాచరే ముఖ్యురాలు. రెండేళ్ల తర్వాత, 1988లో, బ్రూజ్ నగరంలో చేసిన ప్రసంగంలో, కూటమి కేంద్రమైన బ్రసెల్స్ పెత్తనంపై విరుచుకుపడిందీ ఆమే. 1992లో మాస్ట్రిక్ట్ ఒడంబడిక ఆ కూటమిని సమాఖ్యగా మార్చినప్పుడు డెన్మార్క్, ఐర్లాండ్, ఫ్రాన్స్ తమ ఓటర్లను అడిగాయి, బ్రిటన్ అడగలేదు. ఐరోపా రాజ్యాంగంపై ఓటింగ్ పెడతామని 2005 ఎన్నికల్లో హామీ ఇచ్చిన లేబర్ పార్టీ, దాని స్థానంలో వచ్చిన లిస్బన్ ఒడంబడికను 2008లో పార్లమెంటు ద్వారానే ఆమోదింపజేసింది. ‘మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు’ అన్న మాట ప్రచారకులు పుట్టించింది కాదు. లేబర్, కన్జర్వేటివ్ పార్టీలు రెండూ కలిసి పెంచి పెద్ద చేసింది.

చేపల వేట సంగతి ఇంకా విచిత్రమైనది. బ్రిటన్, ఐర్లాండ్, డెన్మార్క్, నార్వేలతో చేరిక చర్చలు మొదలైన 1970 జూన్ 30నే, సభ్యదేశాల పడవలన్నీ ఒకరి జలాల్లో ఒకరు వేటాడవచ్చన్న సూత్రాన్ని కూటమిలో అప్పటికే ఉన్న ఆరు దేశాలూ ఒప్పుకుని కూర్చున్నాయి. నార్వే ఓటర్లు చేరవద్దన్నారు, బ్రిటన్ చేరింది. అయితే ఇంగ్లండ్ తూర్పు తీరంలోని గ్రిమ్స్‌బీ, హల్ వంటి రేవులు చితికిపోవడానికి పెద్ద కారణం ఐరోపా కూటమి కాదు. ఐస్‌లాండ్ తన తీరం చుట్టూ 200 మైళ్ల మేర విదేశీ పడవలను నిషేధించి, 1976 నాటికి, కాడ్ చేపల వేట హక్కుల కోసం సాగిన ‘కాడ్ యుద్ధాల్లో’ బ్రిటన్‌పై గెలవడంతో, అంత దూరం వెళ్లి వేటాడే ట్రాలర్లకు పని లేకుండా పోయింది. కానీ ఐస్‌లాండ్‌పై కోపం తీర్చుకునే మార్గం బ్యాలెట్‌లో లేదు, బ్రసెల్స్‌పై తీర్చుకునే మార్గం 2016లో దొరికింది. గ్రిమ్స్‌బీ ఉన్న నార్త్ ఈస్ట్ లింకన్‌షైర్‌లో దాదాపు 70 శాతం మంది వెళ్లిపోదామన్నారు.

వలసల సంగతి అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 2004లో తూర్పు ఐరోపా దేశాలు చేరినప్పుడు జర్మనీ, ఫ్రాన్స్ ఏళ్ల తరబడి ఆంక్షలు పెట్టుకోగా, బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ మాత్రం మొదటి రోజే తలుపులు తెరిచాయి. ఏటా నికరంగా 5 వేల నుంచి 13 వేల మంది వస్తారని బ్రిటన్ హోంశాఖ చేయించిన అధ్యయనం అంచనా వేసింది. వచ్చినవారు దానికి ఎన్నో రెట్లు. పొలం పనులకు పోలండ్, లిథువేనియా కార్మికులు స్థిరపడిన, ఇంగ్లండ్‌లోని బోస్టన్ పట్టణ ప్రాంతంలో 75.6 శాతం మంది వెళ్లాలనే ఓటేశారు. ఇక్కడ ఒక చిన్న విశేషం. పదేళ్లుగా అక్కడే పన్ను కడుతున్న పోలండ్ పౌరుడికి ఆ రోజు ఓటు లేదు. బ్రిటన్‌లో నివసిస్తూ ఓటర్ల జాబితాలో చేరిన భారత పౌరుడికి, కామన్వెల్త్ నిబంధన వల్ల, ఓటు ఉంది. హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో వెళ్లిన విద్యార్థికీ అదే వర్తించింది.

గెలుపు తర్వాత అసలు చిక్కు బయటపడింది. నార్వేలాగా ఏక విపణిలో ఉండవచ్చన్నవారు, కస్టమ్స్ యూనియన్ (బయటి సరుకులపై సభ్యులందరూ ఒకే సుంకం వేసే ఏర్పాటు) చాలన్నవారు, ఒప్పందమే వద్దన్నవారు, అందరూ వెళ్లాలని ఓటేసిన 51.9 శాతంలోనే ఉన్నారు. ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని 2019 జనవరి 15న పార్లమెంటు 432–202 ఓట్లతో తిరస్కరించింది. సరే, మీకేం కావాలో మీరే చెప్పండని మార్చి 27న సభ్యుల ముందు ఎనిమిది ప్రత్యామ్నాయాలు పెడితే, ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. బ్రెగ్జిట్ రద్దు చేయాలన్న వినతిపత్రంపై 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. రెండు నెలలు తిరక్కముందే, తక్షణం వెళ్లిపోవాలన్న బ్రెగ్జిట్ పార్టీ ఐరోపా పార్లమెంటు ఎన్నికల్లో మొదటి స్థానంలో నిలిచింది, పాలక కన్జర్వేటివ్ పార్టీ అయిదో స్థానానికి పడిపోయింది. విసిగిపోయిన దేశానికి ‘పని ముగిద్దాం’ అన్న ఒక్క మాటతో బోరిస్ జాన్సన్ డిసెంబరులో 80 సీట్ల ఆధిక్యం సంపాదించాడు. 2020 జనవరి 31న బ్రిటన్ సమాఖ్య నుంచి వైదొలగింది. వర్తక ఒప్పందం ఆ ఏడాది డిసెంబరు 24న కుదిరింది.

ఆ ఒప్పందంలో సుంకాలు లేవు, కాగితాలు ఉన్నాయి. 2021 జనవరి నుంచి స్కాట్లండ్ రొయ్యలు ఫ్రాన్స్ చేరాలంటే ఆరోగ్య ధ్రువపత్రం, వేట ధ్రువపత్రం, కస్టమ్స్ ప్రకటన కావాలి. తాజా సరుకు దారిలోనే పాడైపోవడంతో వ్యాపారులు లారీలతో లండన్ వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. శుద్ధి చేయని ఆల్చిప్పలను కొన్ని తరగతుల జలాల నుంచి సమాఖ్యకు పంపడమే కుదరకుండా పోయింది. బ్రిటన్ జలాల్లో సమాఖ్య పడవలకు ఉన్న వాటాలో నాలుగో వంతు మాత్రమే, అదీ అయిదున్నరేళ్లలో విడతలవారీగా, చేతికి వచ్చింది. నార్వేతో 2021 చర్చలు విఫలం కావడంతో, హల్ నుంచి వెళ్లే దూరపు వేట పడవకు ఆ జలాలు మూసుకుపోయాయి. ఐర్లాండ్‌తో భూసరిహద్దులో తనిఖీలు ఉండకూడదు కనుక, అవి ఉత్తర ఐర్లాండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య సముద్రంపైకి చేరాయి. బ్రిటన్‌తోనే ఉండాలనే అక్కడి యూనియనిస్టుల కోపాన్ని 2023 విండ్సర్ ఒప్పందం కొంత తగ్గించిందే కాని పూర్తిగా చల్లార్చలేదు.

దీర్ఘకాలంలో దేశ ఉత్పాదకత, సమాఖ్యలోనే ఉండి ఉంటే చేరే స్థాయి కంటే 4 శాతం తగ్గుతుందని బ్రిటన్ బడ్జెట్ పర్యవేక్షణ సంస్థ అంచనా. వలసలు తగ్గుతాయనుకుంటే, ఐరోపావాసుల స్థానంలో భారత్, నైజీరియా వంటి దేశాల విద్యార్థులు, ఆరోగ్య కార్యకర్తలు రాగా, 2023 మధ్యతో ముగిసిన ఏడాదిలో నికర వలస 9 లక్షల దరిదాపులకు చేరింది. వారిలో తెలుగు విద్యార్థులూ ఉన్నారు. సొంతంగా వర్తక ఒప్పందాలు చేసుకునే హక్కు తిరిగి వచ్చిన మాట నిజం. 2025 జులై 24న భారత్‌తో సంతకాలు జరిగిన ఒప్పందంలో సుంకం తొలగే సరుకుల్లో ఆంధ్రప్రదేశ్ ఎగుమతి చేసే రొయ్యలూ ఉన్నాయి. అయినా ఇటీవలి అభిప్రాయ సేకరణల్లో సగానికి పైగా బ్రిటన్ ప్రజలు వైదొలగడం పొరపాటే అంటున్నారు.

2024లో అధికారానికి వచ్చిన కియర్ స్టార్మర్, ఏక విపణిలోకీ కస్టమ్స్ యూనియన్‌లోకీ తిరిగి వెళ్లబోమని ఎన్నికల ప్రణాళికలోనే రాశాడు కనుక, తిరిగి చేరాలన్నవారికి ఆయనపై ఆశ లేదు. 2025 మేలో ఆహార సరుకుల తనిఖీలు సడలించే దిశగా సమాఖ్యతో అవగాహన కుదుర్చుకున్నప్పుడు, బ్రిటన్ జలాల్లో ఐరోపా పడవల వేటను 2038 దాకా పొడిగించేందుకు ఆయన ప్రభుత్వం ఒప్పుకుంది. మత్స్యకారుల సంఘాలు మండిపడ్డాయి. సరిహద్దులో సరుకు కుళ్లిపోయిన ఎగుమతిదారులు మాత్రం, అదే చేపల వ్యాపారంలో ఉండి, దాన్ని స్వాగతించారు.