చిల్కా నీళ్లు ఒక చుక్క రుచి చూడండి

బరంపురంలో ఎవరింటికి చుట్టాలొచ్చినా ఒకటే వరస. మొదటి రోజు గోపాల్‌పూర్ సముద్రం, రెండో రోజు తారాతారిణి అమ్మవారి కొండ, మూడో రోజు చిల్కా సరస్సు ఒడ్డున ఉన్న రంభ. ఈసారి సంక్రాంతి సెలవులకి విశాఖ నుంచి అక్క పిల్లలు వచ్చారు. ఫోన్లో మాల్దీవులు, అండమాన్ వీడియోలు చూసి చూసి దీవుల మీద మోజు పెంచుకున్నారు. "మావయ్యా, మీ చిల్కాలో దీవులున్నాయట కదా, పగడాలు కనిపిస్తాయా?" అని మేనకోడలు అడిగింది. కనిపించవమ్మా అన్నాను. దాని ముఖం చిన్నబోయింది.

ఎందుకు కనిపించవో చెప్పాలంటే ఉప్పు దగ్గర మొదలుపెట్టాలి. రంభ జెట్టీ మెట్లు దిగి, ఒక చుక్క నీళ్లు వేలితో అంటించుకుని నాలుక మీద పెట్టుకోమన్నాను. రెండు రోజుల ముందు గోపాల్‌పూర్‌లో అలకి తడిసినప్పుడు నోట్లోకి పోయిన నీటి రుచి దానికింకా గుర్తుంది. "ఇది ఉప్పగానే ఉంది కానీ సముద్రమంత లేదు" అంది. అవును. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చిల్కాలో ఆ లెక్క చోటుని బట్టీ, నెలని బట్టీ మారిపోతుంది. వానాకాలంలో ఉత్తరపు కొసన నీళ్లు దాదాపు చప్పనైపోతాయి. ఎండాకాలంలో సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర దాదాపు సముద్రమే.

పగడం ఒక జంతువు. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు ఎండలో తిండి తయారుచేసి పెడితేనే అది బతుకుతుంది. అందుకే దానికి తేటనీరు కావాలి, ఏడాది పొడుగునా మారని ఉప్పు కావాలి. మాల్దీవుల్లో తెల్లటి ఇసుక కూడా చాలావరకు పగడాల పొడే. చిలక ముక్కు చేపలు పగడాల మీది నాచుని గీరి తింటూ, పొడి చేసిన సున్నాన్ని బయటికి వదులుతాయి. మహానది పాయలైన దయా, భార్గవి ఏటేటా బురద మోసుకొచ్చి కలిపే చిల్కాలో పగడం నిలవదు. ఆ బురద, ఆ మారే ఉప్పు ఇక్కడ ఇంకోరకం జీవుల్ని నిలబెట్టాయి. పడవెక్కేముందు ఇదొక్కటి తెలిసుంటే రంభ చూసే తీరే మారిపోతుందని నా నమ్మకం.

సరస్సు పుట్టుక కూడా సముద్రం పనే. మన తీరంలో అలలు ఎక్కువ భాగం దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుని తాకుతాయి. ప్రతి అలా పిడికెడు ఇసుకని కాస్త ఉత్తరంగా జరుపుతుంది. వేల ఏళ్లు అలా జరిగి జరిగి సుమారు 60 కిలోమీటర్ల ఇసుక కట్ట పడింది. ఒకప్పటి సముద్రపు అఖాతం దాని వెనక చిక్కుకుపోయి సరస్సయింది. ఎండాకాలంలో 900 చదరపు కిలోమీటర్ల దరిదాపు, వానల్లో 1,100 పైచిలుకు విస్తీర్ణం. మూడు జిల్లాలకి పరుచుకున్న ఈ నీళ్లలో దక్షిణపు మూల మన గంజాం జిల్లా వాటా.

మరి దీవులెక్కడివి? ఉత్తరాన, నడిమిన ఉన్నవి చాలావరకు ఇసుక, బురద దిబ్బలు. రంభ వైపువి అలాంటివి కావు, మునిగిన కొండల కొసలు. ఒడ్డున రోడ్డు పక్క కనిపించే తూర్పు కనుమలే నీళ్లలోకి దిగి, అక్కడక్కడ తలలు పైకెత్తాయి. ఈ కొండల్లో ఎక్కువగా దొరికే రాయి పేరు ఖోండలైట్. మన ఏజెన్సీ కొండల్లో ఉండే కోదుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ అలాంటి రాయి దొరికినా అదే పేరు. పగలగొట్టిన ముక్క చేతిలోకి తీసుకుంటే దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. కోణార్క గుడి కట్టింది ఎక్కువగా ఈ రాతితోనే. ఇంకొంచెం ఉత్తరాన బాలుగావ్ చుట్టుపక్కల అనార్థసైట్ అనే లేతరంగు రాయి ఉంది. పున్నమి రోజు చందమామలో తెల్లగా మెరిసే ఎత్తుప్రాంతాలు కూడా ప్రధానంగా ఆ జాతి రాయే. ఆ మాట చెప్పాక మా మేనల్లుడు ఒడ్డున ప్రతి రాయినీ తిప్పి తిప్పి చూడటం మొదలుపెట్టాడు.

పడవ నడిపే పెద్దాయన ఒడియా యాసలో తెలుగు మాట్లాడతాడు. ఇంజన్ చప్పుడు మీంచి కేకేసి ఒక్కో దీవి పేరు చెబుతాడు. రంభ అఖాతం నడుమ ఒక బండ మీద కొమ్ములాగా నిలబడ్డ స్తంభం కనిపిస్తుంది. కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ దీపం పెట్టడానికి కట్టించాడది. ఫొటోలు అందరూ అక్కడే తీసుకుంటారు. మేమూ తీసుకున్నాం.

నాకు మాత్రం పక్షుల దీవి దగ్గర ఎక్కువసేపు ఆగాలనిపిస్తుంది. దూరానికి ఆ బండలకి సున్నం కొట్టినట్టుంటుంది. దగ్గరికెళ్తే అదంతా రెట్ట. మన ఒంట్లో వ్యర్థమైన నత్రజని యూరియాగా మారి, నీళ్లలో కరిగి మూత్రంగా పోతుంది. పక్షి ఎగరాలి కాబట్టి అంత నీరు ఒంట్లో మోసుకు తిరగలేదు. అందుకే దాని ఒళ్లు ఆ వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి, తెల్లటి ముద్దలా వదిలేస్తుంది. అది నీటిలో సులువుగా కరగదు, వానకి కూడా పూర్తిగా పోదు. కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగిన భాగం నాచుకి ఎరువు. బండ కిందికి వంగి చూస్తే, నీటి మట్టానికి కాస్త దిగువన ఆకుపచ్చ, ఎరుపు నాచులు జడలు జడలుగా ఊగుతుంటాయి. పైన పక్షి తిన్న చేప కింద నాచుగా మొలుస్తోందన్నమాట.

ఆ నాచు అంత స్పష్టంగా కనపడటానికి కారణం కూడా చెప్పాలి. దక్షిణపు మూలకి పెద్ద నది ఏదీ వచ్చి కలవదు. చుట్టూ కొండలు కాపు. బురద తక్కువ, ఉప్పు మార్పు కూడా మిగతా చోట్లకన్నా తక్కువ. అందుకే ఇక్కడ సముద్రపు గడ్డి పెరుగుతుంది. చూడటానికి నాచులా ఉంటుంది కానీ నాచు కాదు. వేళ్లు, ఆకులు, పూలు ఉన్న నిజమైన మొక్క, మన పొలంలో గడ్డిలాగే. పూత పూసేది కూడా నీటి కిందే. చేపపిల్లలు, రొయ్యపిల్లలు దాక్కునేది ఆ గడ్డిలోనే. పడవ లోతులేని చోటికి వచ్చినప్పుడు పెద్దాయన ఇంజన్ ఆపి వెదురు గడ వేశాడు. ఫ్యాను తిరిగితే గడ్డి వేళ్లతో సహా లేచిపోతుంది, నీళ్లు కూడా మడ్డిగా అయిపోతాయి. ఆయనకి ఆ సంగతి ఏ పుస్తకమూ చెప్పి ఉండదు.

బర్కుడా దీవిని టూరిస్టు బోర్డుల మీద హనీమూన్ ఐలాండ్ అని రాస్తారు. నా దృష్టిలో ఆ దీవికి అంతకన్నా మంచి గుర్తింపు వేరే ఉంది. 1917లో, జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా మొదటి డైరెక్టరైన నెల్సన్ అన్నండేల్ ఇక్కడి మట్టిలో దొరికిన ఒక జీవి గురించి లోకానికి తెలియజేశాడు. చూస్తే చిన్న పాము అనుకుంటాం. కాళ్లు లేవు. కానీ అది పాము కాదు, నలికిరి జాతి. మన వైపు కొందరు నలికండ్ల పాము అంటారే, ఆ కుటుంబం. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే ఈ దీవి ఉంది: బర్కూడియా ఇన్సులారిస్. వదులు మట్టిలో, చెట్ల వేళ్ల నడుమ దూరి తిరిగే జీవికి కాళ్లు సాయం కన్నా అడ్డమే ఎక్కువ. తరాలు గడిచేకొద్దీ అవి పోయాయి. అన్నండేల్ తర్వాత దశాబ్దాల పాటు అది మళ్లీ ఎవరి కంటా పడలేదు. దీని దగ్గరి చుట్టం ఇంకొకటి విశాఖపట్నం వైపు ఉంది. "అయితే మా ఊరిదే!" అని పిల్లలు గంతులేశారు. సముద్రమట్టం పెరిగి లోయలు మునిగినప్పుడు, కొండ కొసన ఉన్నవి అక్కడే చిక్కుకుని ఉంటాయని ఊహించొచ్చు. దయచేసి అక్కడ ఆకుల గుట్టలు తన్నుకుంటూ, రాళ్లు దొర్లిస్తూ వెతకకండి. మనం పిక్నిక్ దుప్పటి పరిచే ఆ చెట్టు నీడే దాని ఇల్లు.

డాల్ఫిన్ల కోసం మాత్రం ఎక్కువమంది సాతపడా వెళ్తారు, అక్కడే సముద్రపు పాయలో అవి ఎక్కువ. ఇరవాడీ డాల్ఫిన్ అని పేరున్నా, ఆ జాతిని రిచర్డ్ ఓవెన్ 1866లో వర్ణించింది విశాఖపట్నం రేవులో 1852లో దొరికిన దాన్ని బట్టే. మూతి మొండిగా, తల గుండ్రంగా ఉంటుంది. చిల్కాలో ఉన్నవి సుమారు 150. అంటే ఒక వీధి జనాభా. ఐదారు పడవలు ఒకదాన్ని చుట్టుముట్టి తరిమితే ఏమవుతుందో ఆలోచించండి. నీటిలో శబ్దం సెకనుకి దాదాపు 1,500 మీటర్లు పోతుంది, గాలిలోకన్నా నాలుగింతలు పైన. మడ్డినీటిలో కళ్లు పనిచేయవు కాబట్టి డాల్ఫిన్ తన తలలోని ముక్కు దారి నుంచి వచ్చే టిక్కు టిక్కు శబ్దాల ప్రతిధ్వని విని చేపని పట్టుకుంటుంది. ఇంజన్ల హోరులో దానికి దారీ తెలియదు, తిండీ దొరకదు. ఒకసారి సాతపడాలో మా పడవ కుర్రాడికి ముందే చెప్పి దూరంగా ఇంజన్ ఆపించాను. పావుగంట ఏమీ లేదు. తర్వాత ఎడమ పక్కన "ఫుస్స్" మని ఊపిరి. తల తిప్పేలోపు బూడిదరంగు వీపు మునిగిపోయింది. ఆ ఊపిరి చప్పుడు ఇంజన్ నడుస్తుంటే ఎప్పటికీ వినపడదు.

మధ్యాహ్నం దాటాక గాలి తిరుగుతుంది. ఇక్కడ నీళ్లు చాలాచోట్ల రెండు మీటర్ల లోతు కూడా ఉండవు. లోతు తక్కువ కదా, భయమేముంది అనుకుంటారు. లోతులేని నీటి మీద గాలి లేపే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చిన్న పడవకి అవే ప్రమాదం. కాళీజాయి దీవి అమ్మవారి కథ కూడా అదే కదా. పెళ్లయి అత్తవారింటికి వెళ్తున్న జాయి అనే పిల్ల గాలివానకి పడవ బోల్తాపడి కనిపించకుండా పోయింది. నాకా కథలో ఈ సరస్సు స్వభావం తెలిసిన జనం గోడు వినిపిస్తుంది. పొద్దున్నే బయల్దేరండి. లైఫ్ జాకెట్ వేసుకుని, ముడి కూడా వేసుకోండి.

ఉప్పు తగ్గితే ఏమవుతుందో మా తరం కళ్లారా చూసింది. ఇసుక మేటలు వేసి సముద్రపు మొగ దూరమైపోయింది. నీళ్లు చప్పబడ్డాయి, గుర్రపుడెక్క, కలుపు ఉత్తరాన కమ్మేశాయి. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు సరస్సులోకొచ్చి పెరుగుతాయి. ఆ దారి మూసుకుపోతే అవి రావు. ఖైంగా లాంటి చేపలు ఉప్పునీటిలో ఉన్నప్పుడు నీళ్లు తాగి ఉప్పుని మొప్పల గుండా బయటికి నెట్టేస్తాయి, చప్పనీటిలోకి వస్తే తాగడం మానేసి ఎక్కువ నీటిని మూత్రంగా పంపేస్తాయి. రెండు విద్యలూ తెలిసిన ఆ చేపకి కూడా దారి కావాలి. 1993లో చిల్కా ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల అంతర్జాతీయ జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో చిల్కా అభివృద్ధి సంస్థ ఇసుకకట్టని తవ్వి కొత్త మొగ తెరిచింది. దాంతో సముద్రానికి దారి 18 కిలోమీటర్లు దగ్గరైంది. 1999-2000లో 1,700 టన్నుల చిల్లర దొరికిన చేపలు, రొయ్యలు, పీతలు 2001-02లో 12 వేల టన్నుల దగ్గరికి వెళ్లాయి. 2002లో ఆ జాబితా నుంచి చిల్కా పేరు తీసేశారు. గడ్డీ, పక్షులూ, డాల్ఫిన్లూ, పడవ నడిపే పెద్దాయన ఇంట్లో పొయ్యీ, అన్నీ ఆ మొగ మీద ఆధారపడ్డవే.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో హుమ్మా దగ్గర ఉప్పుమడులు కనిపించాయి, కుప్పలు పోసిన ఉప్పుతో సహా. మేనకోడలు సంచిలోంచి రెండు సీసాలు తీసింది. ఒకదాంట్లో గోపాల్‌పూర్ నీళ్లు, ఒకదాంట్లో రంభ నీళ్లు. ఎప్పుడు పట్టిందో నేను చూడలేదు. ఇంటికొచ్చి రెండు స్టీలు పళ్లేల్లో ఒక్కో గ్లాసు పోసి, దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కప్పి, డాబా మీద ఎండలో పెట్టింది. మూడు రోజులకి గోపాల్‌పూర్ పళ్లెం అడుగంతా తెల్లటి పొర, భూతద్దంతో చూస్తే నలుపలకల గింజలు. రంభ పళ్లెంలో అంచు చుట్టూ సన్నటి తెల్లగీత, మధ్యలో పల్చగా కొంచెం. రెండూ చెంచాతో గీకి వేరువేరు పొట్లాలు కట్టి, తేదీలు రాసింది. వానలు పడ్డాక ఇంకో గ్లాసు పట్టి ఆరబెట్టమని, ఆ పొట్లాలు నా అలమారలో పెట్టి వెళ్లింది.