పొదుగుకొచ్చిన కోడి వెనక ఒక పావురాల శాస్త్రవేత్త

బాగా గుడ్లు పెడుతున్న కోడి ఉన్నట్టుండి మానేసి గూట్లో బైఠాయిస్తుంది. చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని పొడవడానికొస్తుంది. లేపి బయట వదిలితే మళ్లీ అక్కడికే చేరుతుంది. రోజుకు ఒకటి రెండుసార్లు లేచి, గబగబా నాలుగు గింజలు ఏరుకుని వెనక్కి పరిగెత్తుతుంది. పొట్ట కింద ఈకలు రాలిపోయి చర్మం వేడిగా తగులుతుంది. ఈలోగా లోపల అండాశయం కుంచించుకుపోతుంది. అందుకే కింద ఉన్న గుడ్లు తీసేసినా కొత్త గుడ్డుకు చాలా రోజులు ఆగాల్సిందే. గుడ్ల కోసం కోళ్లు పెంచేవాళ్లకు కోడి ఇలా పొదుగుకు రావడం, అంటే గుడ్లు పొదగడానికి కూర్చోవడం, శుద్ధ నష్టం. దీని వెనక ఉన్న హార్మోన్‌ను పట్టుకున్నది మాత్రం కోళ్ల నిపుణుడు కాదు, జీవితమంతా పావురాలతో గడిపిన ఆస్కార్ రిడిల్.

1877లో అమెరికాలోని ఇండియానాలో పుట్టిన రిడిల్, షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఓటిస్ విట్‌మన్ దగ్గర చదువుకున్నాడు. విట్‌మన్‌కు పావురాలంటే ప్రాణం, మాటవరసకు కాదు. 1910 డిసెంబరులో చలి విరుచుకుపడితే పక్షులను వెచ్చటి గదుల్లోకి చేరవేస్తూ న్యుమోనియా తెచ్చుకుని, కొద్ది రోజుల్లోనే కన్నుమూశాడు. అచ్చుకాని ఆయన రాతలను సరిచేసే పని రిడిల్ మీద పడింది. అవి 1919లో గానీ వెలుగు చూడలేదు. 1914 నుంచి దశాబ్దాల పాటు న్యూయార్క్ రాష్ట్రంలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోని కార్నెగీ పరిశోధన కేంద్రమే రిడిల్ స్థావరం.

అక్కడ మొదటి ఏళ్లన్నీ ఒక తప్పుదారిలోనే నడిచాయి. గుడ్డులోని జీవక్రియ వేగాన్ని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుందని ఆయన గట్టిగా నమ్మాడు. క్రోమోజోముల జ్ఞానం బలపడ్డాక ఆ సిద్ధాంతం వీగిపోయింది. అయితే ఆ పని పుణ్యమా అని పావురం ఒంట్లో గ్రంథులు ఎప్పుడు పెరుగుతాయో, ఎప్పుడు తగ్గుతాయో ఆయనకు కొట్టినపిండి అయింది. నా లెక్కలో అసలు పెట్టుబడి అదే.

1928లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో స్ట్రికర్, గ్రూటర్ అనే పరిశోధకులు మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి సారాన్ని కుందేళ్లకు ఎక్కించి పాలు తెప్పించారు. పావురాలకూ ఒక రకం పాలున్నాయి. గొంతు కింద మేత నిలిచే సంచి గోడ గుడ్లు పొదిగే రోజుల్లో దళసరెక్కి, పిల్లలు బయటికొచ్చే వేళకు జున్నులాంటి ముద్దలుగా రాలుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ దాన్నే పిల్లల నోట్లో పెడతాయి. ఆ గోడను పెంచేదీ పీయూష గ్రంథి సారమేనని రిడిల్, రాబర్ట్ బేట్స్, సైమన్ డిక్‌షార్న్ తేల్చి, 1932-33లో ఆ హార్మోన్‌కు ప్రొలాక్టిన్ అని పేరు పెట్టారు. ఇంకా ఎదగని పావురానికి సారం ఎక్కించి, కొన్ని రోజులాగి, సంచి గోడ కోసి తూకం వేసేవారు. బరువెంత పెరిగితే హార్మోన్ అంత ఉన్నట్టు. రక్తంలో హార్మోన్లను నేరుగా కొలిచే పద్ధతులు రాకముందు చాలాకాలం ప్రొలాక్టిన్‌కు పావురమే కొలబద్ద. మనిషి ప్రొలాక్టిన్‌ను విడిగా గుర్తించడానికి 1970ల ఆరంభం దాకా ఆగాల్సివచ్చిందంటే, పక్షి ఎంత ముందుందో చూడండి.

కోడి సంగతి 1935లో తేలింది. గుడ్లు పెడుతున్న పెట్టలకు ప్రొలాక్టిన్ ఇస్తే అవి పొదుగుకొచ్చాయని రిడిల్ బృందం ప్రకటించింది. అండాశయాన్ని అణిచేదీ అదేనని అదే ఏడాది మరో పరిశోధనలో చూపించారు. 1939 జనవరిలో టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది.

ప్రొలాక్టిన్‌ను ఏది విడుదల చేయిస్తుందన్న ప్రశ్న తర్వాతి తరానికి మిగిలింది. క్షీరదాల్లో మెదడు దాన్ని డోపమైన్ అనే రసాయనంతో ఎప్పుడూ అదిమిపెట్టి ఉంచుతుంది. పక్షుల్లో మాత్రం వదలమని మెదడు పురమాయించాలి. ఆ పురమాయింపు తెచ్చేది వీఐపీ (వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్) అనే చిన్న ప్రొటీన్ లాంటి పదార్థం. 1970లో సయీద్, ముట్ అనే శాస్త్రవేత్తలు దీన్ని మొదట వెలికితీసింది పంది పేగు నుంచి! స్కాట్లండ్‌లో పీటర్ షార్ప్ బృందం బాంటమ్ అనే పొట్టి కోళ్ల మీద, మిన్నెసోటాలో మహమ్మద్ ఎల్ హలవాని బృందం టర్కీ కోళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి పక్షుల్లో దాని పాత్రను రుజువు చేశారు. వీఐపీకి విరుగుడుగా యాంటీబాడీలు పుట్టేలా టర్కీలకు టీకా వేస్తే ప్రొలాక్టిన్ తగ్గి, పొదుగుకు రావడమూ తగ్గింది.

గుడ్ల పరిశ్రమ ఈ చిక్కును చాలావరకు వేరే దారిలో దాటేసింది. పొదుగుకు రాని పెట్టలనే తరతరాలుగా ఎంచుకుంటూ పోవడంతో వైట్ లెగ్‌హార్న్ లాంటి జాతుల్లో ఆ గుణం దాదాపు మాయమైంది. ఆ గుణం మిగిలిన జాతులు పెంచేవాళ్లు మాత్రం ఇప్పటికీ కోడిని గూటి నుంచి తీసి, అడుగున చల్లగాలి ఆడే తీగల పంజరంలో కొన్ని రోజులు ఉంచుతారు. పొట్ట చర్మానికి గుడ్లు, గూడు తగులుతున్నంతసేపూ ప్రొలాక్టిన్ ఎక్కువగానే ఉంటుంది. ఆ స్పర్శ తెగిపోతే త్వరగా పడిపోతుంది. ఆపైన అండాశయం మళ్లీ పుంజుకుంటుంది.