భూమి ‘ఆన్‌లైన్‌ల ఎక్కుడు’ వెనుక కథ

వరంగల్, ములుగు పల్లెల్లో ఇప్పుడు భూమి మాటొస్తే మొదట అడిగేది ‘ఆన్‌లైన్‌ల ఎక్కిందా?’ అని, అంటే సర్కారు కంప్యూటర్ రికార్డులో చేరిందా అని. దున్నుతున్నది ఎవరన్నది తర్వాతి సంగతి. ఈ వరుస మారి పదేళ్లు కూడా కాలేదు.

అంతకుముందు రాజ్యమంతా పహాణీది, అంటే ఊరి భూముల వివరాలు రాసే రికార్డుది. 1954-55 నాటి ఖాస్రా పహాణీలోనూ, తర్వాత ఏటా రాసినవాటిలోనూ పట్టాదారుకో (హక్కుదారు) గడి, అనుభవదారుకో (సాగులో ఉన్నవాడు) గడి. ఆ లెక్కలు రాసే ఊరి ఉద్యోగి పట్వారీ కలం చేసిన అన్యాయాలు తక్కువేం కాదు. ఆ వారసత్వ కొలువును 1984లో తీసేశారు. అయినా తెల్లకాగితం మీద, అంటే సాదాబైనామాతో కొన్న రైతుకు ఆ రెండో గడే దిక్కు.

2017 సెప్టెంబరు 15న మొదలైన భూరికార్డుల ప్రక్షాళన ఆ అనుభవదారు గడిని పక్కనపెట్టింది. తగాదా భూములు పార్ట్-బి అనే వేరే జాబితాలో పడ్డాయి, వాటికి పాసుపుస్తకం రాలేదు. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన పెట్టుబడి సాయం రైతుబంధు, పంటకు ఎకరానికి రూ.4,000, పట్టాదారుల జాబితా వెంటే నడిచింది. కౌలుదారు చేతికి ఏమీ రాలేదు.

2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. స్లాట్ బుక్ చేసుకుంటే తహసీల్దారు ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, అక్కడికక్కడే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు). రికార్డు సరిగ్గా ఉన్నవాళ్లకు ఇది మేలే. చిక్కంతా తప్పు దొర్లిన చోట. ఉదాహరణకు సేత్వార్‌లో, అంటే మూల సర్వే రికార్డులో, సర్వే నంబరు విస్తీర్ణం 6 ఎకరాల 20 గుంటలుండి, ఖాతాలన్నీ కూడితే 7 ఎకరాలు తేలిందనుకోండి. ఆ 20 గుంటలు ఎవరివి ఎక్కువో పొలం కొలిస్తే తప్ప తెలియదు. కొలవకపోతే ఎవరో ఒకరి భూమి ఎక్కకుండా మిగులుతుంది. నంబరులో కొంత సర్కారు భూమి ఉన్నందుకు మొత్తం నంబరే నిషేధిత (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల) జాబితాలోకి పోయిన రైతులూ ఉన్నారు. పాసుపుస్తకంలో తప్పుకు ధరణిలో టీఎం-33 దరఖాస్తు, నిషేధిత జాబితాకు టీఎం-15. మొదట్లో ఏదైనా కలెక్టరే తేల్చాల్సి వచ్చేది. ఊరి పొలిమేరలు తెలిసిన తహసీల్దారుకు అప్పట్లో దిద్దే అధికారం లేదు.

సాదాబైనామాల కథ ఇంకా విచిత్రం. 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 వరకు సుమారు 9 లక్షల దరఖాస్తులు తీసుకున్నారు. నడుమ అమల్లోకొచ్చిన కొత్త భూహక్కుల చట్టంలో వాటిని క్రమబద్ధం చేసే సెక్షనే లేదు. వ్యవహారం హైకోర్టుకెక్కి ఆగింది.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో మొదలైన భూభారతి ఆ క్రమబద్ధీకరణకు దారి తెరిచింది. తొలుత ఎంచుకున్న నాలుగు మండలాల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ ఒకటి. ముఖ్యమైన షరతులు మూడు: 2014 జూన్ 2కు ముందు కొనాలి, 2020లో దరఖాస్తు పెట్టి ఉండాలి, 12 ఏళ్ల అనుభవం చూపాలి. ఆ అనుభవానికి రాతపూర్వక సాక్ష్యం ప్రక్షాళనకు ముందటి పహాణీల్లోనే, ఆ పక్కనపెట్టిన గడిలోనే ఉంది.